చప్పుడు చెయ్యని బండి

రిస్తెన్ కరెంటు కారు కొన్నదని తెలిసిన రోజు నీల్లాస్ బాబాయి నవ్విన నవ్వు నది అవతలి ఇళ్ళదాకా వినిపించిందంటారు. "కారు కొన్నావా, ఇస్త్రీపెట్టె కొన్నావా అమ్మాయ్?" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా! ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా, మంచీచెడూ అడక్కముందే, "నీ ఇస్త్రీపెట్టె ఎలా ఉంది, వేడెక్కుతోందా?" అని వాకబు.

రిస్తెన్ పట్నంలో బడిపంతులమ్మ. దక్షిణానికి బదిలీ అయిపోతున్న ఒక నర్సు దగ్గర ఆ బండిని ఆకులు రాలే రోజుల్లో కొన్నది. మొదటి వారమంతా అది స్టార్టయిందో లేదో తెలిసేది కాదు. మీట నొక్కి, చెవి ఒగ్గి, ఏమీ వినపడక మళ్ళీ నొక్కేది. ఆ రెండో నొక్కుడుతో అది కాస్తా ఆగిపోయేది. చూసిన బడిపిల్లలు కిటికీల్లోంచి పడీపడీ నవ్వేవాళ్ళు.

చలి ముదిరాక బండి అసలు గుణం బయటపడింది. పొద్దున్నే తెర మీద ఇంతదూరం పోతాను, అంతదూరం పోతానని కోతలు కోసేది. సాయంత్రానికి ఆ మాటలో సగం మింగేసేది. తలుపు పిడులు మంచుకి బిగుసుకుపోయి, మోచేత్తో నాలుగు పొడుపులు పొడిస్తే గానీ బయటికి వచ్చేవి కావు. చార్జింగు మూత సంగతి చెప్పక్కర్లేదు. దానికి రోజూ నోటితో ఆవిరి ఊదాల్సిందే. ఆ ఊదేటప్పుడు ఎవరైనా చూస్తే రిస్తెన్ బూటు లేసు సరిచేసుకుంటున్నట్టు నటించేది.

అయినా ఆ బండంటే ఆమెకి పిచ్చి. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేది. గట్టిపడ్డ మంచు మీద మేకుల టైర్లు చిటచిటలాడే సన్నటి చప్పుడు తప్ప లోపల ఇంకేమీ ఉండదు. సూర్యుడు మొహం చూపించని ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం కూడా లోకమంతా నీలంగా ఉంటుంది. ఆ నీలంలో బండి పోతుంటే తను నడుపుతున్నట్టు ఉండేది కాదు, ఎవరో మెత్తగా లాక్కుపోతున్నట్టు ఉండేది. ఇల్లు చేరాక కూడా దిగబుద్ధయ్యేది కాదు. కూచుని ఉండగా అమ్మ గుర్తొచ్చేది.

గుర్తొచ్చేదంటే ఏం గుర్తు? అదే బాధ. అమ్మ ఇంగా చచ్చిపోయేనాటికి రిస్తెన్ ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని పిల్ల. నాన్న సముద్రం మీదికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. పెంచింది మగ్గా పిన్ని, ఇంగాకి చెల్లెలు, నీల్లాస్ బాబాయి పెళ్ళాం. ఫోటోలున్నాయి గానీ ఫోటోల్లో మనిషి కదలదు కదా. అమ్మని కదిలించగలిగింది ఒక్కటే ఉంది, ఆమె యోయిక్. ఈ ఉత్తరపు మంచునేలలో, మా దగ్గర మనిషికో యోయిక్ ఉంటుంది. ఆ మనిషిని ప్రేమించినవాళ్ళెవరో కట్టి ఇస్తారు. అందులో మాటలు పెద్దగా ఉండవు, గొంతు ఉంటుంది, నడక ఉంటుంది. అది ఆ మనిషి మీద పాట కాదు, ఆ మనిషే. ఎత్తుకుంటే ఆ మనిషి వచ్చి పక్కన కూచుంటుంది. నమ్మనివాళ్ళు నమ్మకండి, ఒకళ్ళని పోగొట్టుకున్నాక మాట్లాడదాం.

ఇంగా యోయిక్ కట్టింది మగ్గా పిన్నే. దాన్ని మొత్తంగా ఎరిగినవాళ్ళలో మిగిలింది కూడా ఆమె ఒక్కతే. కానీ అక్క పోయిన ఏడాదే ఆమె ప్రార్థన కూడికలకి వెళ్ళడం మొదలుపెట్టి, రక్షణ పొంది, యోయిక్ పాపమని నోరు కట్టేసుకుంది. చిన్నప్పుడు రిస్తెన్ అడిగింది. పెద్దయ్యాకా అడిగింది. "ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు," అనేది పిన్ని, ఎత్తినప్పుడల్లా. ఇప్పుడు పిన్ని గొంతులో గడ్డ ఉంది. రేపు దూరాన పెద్దాసుపత్రిలో ఆపరేషన్. తీసేస్తే ప్రాణానికి భయం లేదుగానీ గొంతు మాత్రం తిరిగి వస్తుందని మాటివ్వలేనని డాక్టరు చెప్పేశాడు. అంటే ఇంగా ఎక్కడ ఉందో ఆ చోటికే రేపు కత్తి పెడతారు. రిస్తెన్‌కి నిద్ర పట్టడం మానేసింది.

అసలు పిన్నిని విమానానికి దింపాల్సింది నీల్లాస్ బాబాయి. పీఠభూమి దాటి ఆల్టా దాకా వెళ్ళాలి, సాయంత్రం విమానం. తీరా పొద్దున చూస్తే ఆయన గొప్ప డీజిలు ట్రక్కులో నూనె గడ్డకట్టి కూచుంది. ఎంత బతిమాలినా దగ్గు కూడా దగ్గలేదు. చివరికి ఆయనే రిస్తెన్‌కి ఫోను చేశాడు. "అమ్మాయ్, నీ... ఆ కారు, ఉందా?" అన్నాడు. ఇస్త్రీపెట్టె మాట ఎత్తలేదు పాపం.

రిస్తెన్ రాత్రంతా చార్జింగులో ఉంచిన బండి వేసుకుని నది వెంట ఊరికి వచ్చేసింది.  పిన్నితో ఒంటరిగా అంతసేపు కూచునే అవకాశం మళ్ళీ రాదు. అడగాలి. ఈసారి ఇంట్లో కాదు, ఇంటి బయట అడగాలి.

వెళ్ళేసరికి కూడిక మనుషులు అప్పుడే వాకిట్లో బూట్ల మంచు దులుపుకుంటున్నారు. మగ్గా కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. పెద్దాయన యోవ్నా తాత మొదలుపెట్టాడంటే తొందరగా ఆమెన్ అనే రకం కాదు. గొంతు కోసం ప్రార్థించి, డాక్టర్ల చేతుల కోసం ప్రార్థించి, విమానం రెక్కల కోసం ప్రార్థించి, మధ్యలో కాఫీ తాగి, మా వైపు అలవాటుగా కాఫీలో వేసే జున్నుముక్కలు చెంచాతో తీసుకు తిని, మళ్ళీ అందుకున్నాడు. రిస్తెన్ కళ్ళు మూసుకుందేగానీ ఒక కన్ను గడియారం మీదే ఉంది.

ఇక్కడే నీల్లాస్ బాబాయి కొంప ముంచాడు. ముంచాలని కాదు, ప్రేమతో. మా వైపు గట్టి చలిలో ఎవరూ నడిచే బండిని ఆపరు. ఆపితే మళ్ళీ లేవదు. చుట్టం ఇంటికొస్తే, చుట్టం కాఫీ తాగుతున్నంతసేపూ ఇంటాయన బయటికెళ్ళి బండి ఆగిపోకుండా చూసుకోవడం మర్యాద. తాళంచెవి బండిలోనే వదిలేయడం కూడా అందుకే. ప్రార్థన మొదలవుతూనే బాబాయి మెల్లిగా జారుకుని, రిస్తెన్ బండెక్కి, కనపడ్డ మీటలన్నీ నొక్కి వేడిని ఆ చివరిదాకా తిప్పాడు. సీట్ల వేడి, అద్దాల వేడి, అన్నీ. మగ్గా ఎక్కేసరికి వెచ్చగా ఉండాలని ఒక తలుపు వారగా తెరిచి లోపలి చెమ్మ కూడా ఆరబెట్టాడు. డీజిలు బండైతే అంతసేపు అరుస్తుంటే ఊరంతా వినేది, రిస్తెన్ చెవినా పడేది. ఇది నోరు లేని జీవి. ఒక్క ముక్క అనకుండా తన ప్రాణమంతా వాకిట్లో ఆవిరి చేసి వదిలేసింది.

రిస్తెన్ వచ్చి తెర చూసి కొయ్యబారిపోయింది. "బాబాయ్! ఏం చేశావ్?"

"వెచ్చగా ఉంచాను," అన్నాడు ఆయన గర్వంగా. "చెయ్యి పెట్టి చూడు సీటు మీద. రొట్టె కాల్చుకోవచ్చు."

"నిజంగానే రొట్టె కాల్చావు బాబాయ్! చార్జింగులో మూడోవంతు అయిపోయింది!"

ఆయన మొహం చిన్నబోయింది. "మరి చప్పుడు చెయ్యదేం ఇది? మనిషన్నా ఆకలేస్తే ఏడుస్తాడు."

వెనక్కి పట్నానికెళ్ళి చార్జింగు పెట్టుకుంటే విమానం పోతుంది. ఇంట్లో ప్లగ్గుకి తగిలిస్తే ఆ కాస్తా నిండడానికే తెల్లారుతుంది. మధ్యదారిలో కొండ మీద ఒక విడిది ఉంది, అక్కడ చార్జింగు స్తంభం ఉంది. అక్కడిదాకా చేరగలదా? రిస్తెన్ మనసులో లెక్క వేసుకుంది. ఎండాకాలమైతే నవ్వుతూ చేరుతుంది. ఈ చలిలో, ఏమో.

యోవ్నా తాత తన వ్యాను వైపు చెయ్యి చూపించాడు. "నేను దింపుతాను మగ్గాని. నా బండి ఆడుతోంది, వినపడటం లేదా?"

వినపడకేం. చెవులు చిల్లులు పడేలా వినపడుతోంది. తాత బండెక్కించి పంపేస్తే పిన్నికి ఏ ఇబ్బందీ ఉండదు. అదే బుద్ధిగల పని. రిస్తెన్‌కి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. అయినా నోటమ్మట, "అక్కర్లేదు తాతా, చాలుతుంది," అని వచ్చేసింది. అన్నాక తనకే భయమేసింది.

మగ్గా పిన్ని అప్పటికే తోలు కోటు తొడుక్కుని, మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని, ముందు సీట్లో కూచుని ఉంది. "పద పద, చలి లోపలికొస్తోంది," అంది.

ఊరు దాటి పీఠభూమి ఎక్కేసరికి దక్షిణాన ఆకాశం అంచు కాస్త గులాబీరంగు తిరిగింది. మిగతాదంతా నీలమే. మంచూ నీలం, రోడ్డూ నీలం, పొట్టి భూర్జచెట్ల మీద పేరుకున్న మంచునూగూ నీలం. బండి జారుతూ పోతోంది.  పిన్ని చుట్టూ చూసి, "మనం కదులుతున్నామా అసలు?" అంది.

"కదులుతున్నాం పిన్నీ."

"చెట్లు కదులుతున్నట్టుంది. మనం కూచున్నచోటే ఉన్నాం. చిన్నప్పుడు మా నాన్న రెయిన్‌డీర్లు లాగే స్లెడ్జిలో పడుకోబెట్టి తోలుకుపోతుంటే ఇలాగే ఉండేది. ఆకాశం ఒక్కటే కనపడేది. నిద్రపోయామో మేలుకున్నామో తెలిసేది కాదు," అంది. ఆ గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం ఉంది.

ఇదే సమయం అనుకుంది రిస్తెన్. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగారు, రోడ్డు నిండా రెయిన్‌డీర్ మంద.

మామూలుగా అయితే ఇంజను చప్పుడుకి అవే లేచి పక్కకి పోతాయి. వీటికి బండి వచ్చినట్టే తెలియలేదు. ఒకటి తలెత్తి చూసి, ఓ బండరాయిని చూసినట్టు చూసి, మళ్ళీ దించేసింది. ఇంకోటి దగ్గరికొచ్చి ముందు దీపం మీద పేరుకున్న మంచు నాకడం మొదలెట్టింది. రిస్తెన్ హారను కొట్టింది. చెవులు ఆడించాయంతే. బండి ఆగి ఉన్న ప్రతి నిమిషం తెర మీద అంకె కరుగుతోంది. 

"ఎవరి మందో ఏమో," అంటూ పిన్ని కిటికీ వేలెడంత దించింది. చలి కత్తిలా దూసుకొచ్చింది. ఆమె ఆ సందుకి నోరు ఆనించి ఒక కూత తీసింది. పొట్టిగా మొదలైన కూత సాగింది, వంగింది, లోపల్లోపల తిరిగింది. జంతువులన్నీ ఒక్కసారి తలలెత్తాయి. మెల్లిగా, ఒకదాని వెనక ఒకటి, పిలిస్తే వచ్చినట్టు రోడ్డు దిగి చెట్లలోకి వెళ్ళిపోయాయి. పిన్ని కిటికీ ఎత్తేసింది.

రిస్తెన్ కళ్ళు పెద్దవి చేసింది. "పిన్నీ, అది..."

"కూత," అంది పిన్ని గట్టిగా. "మందని తోలే కూత. పోనీ ముందుకి."

"చివర్న తిరిగింది కదా అది..."

"నీ చెవులు తిరిగాయి. పోనీ అంటుంటే."

ఇంకాస్త దూరం పోయాక తెర మీద తాబేలు బొమ్మ ఒకటి వెలిగింది. "అదేం జంతువే?" అంది పిన్ని కళ్ళద్దాలు సరిచేసుకుని.

"తాబేలు. మెల్లిగా పొమ్మని. చార్జింగు తగ్గిపోయింది." ఇక దాచి లాభం లేదనుకుంది రిస్తెన్.  "పిన్నీ, వేడి ఆపేయాలి. అప్పుడు గానీ విడిది చేరం. నేను చాలుతుందని అబద్ధమాడాను. తాత వ్యానులో పంపించాల్సింది నిన్ను."

"తెలుసు."

"తెలుసా?"

"చాలుతుందన్నప్పుడు నీ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు. దొంగతనంగా జున్ను తిన్నా చెవులే చెప్పేవి." పిన్ని తనే చెయ్యి చాచి వేడి మీట తిప్పేసింది. "ఆయన వ్యానెక్కితే ఆల్టాదాకా ప్రార్థనే. గడ్డ నా గొంతులో ఉంది, ఆయన గొంతులో లేదు కదా, ఆపడానికి."

రిస్తెన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిన్ని తన తోలు కోటు ఒక పక్క విప్పి, సగం రిస్తెన్ ఒళ్ళో కప్పింది. క్షణాల్లో లోపలంతా చలి దిగింది. ఇద్దరి ఊపిర్లూ అద్దానికి పట్టి లోపలివైపే గడ్డకట్టసాగాయి. పిన్ని సంచీలోంచి చెక్క కాఫీగిన్నె తీసి దాని అంచుతో అద్దం గీకుతూ కూచుంది. గీకినంత మేర రోడ్డు కనపడేది, కాసేపటికి మళ్ళీ మూసుకుపోయేది. ఆ చిన్న కంతలోంచి చూస్తూ రిస్తెన్ నడిపింది. బయట నీలం ముదురుతోంది. బండి నడుస్తోందో, కలలో నడుస్తోందో తెలియని తీరుగా ఉంది.

"అబద్ధం ఎందుకాడావో కూడా తెలుసు," అంది పిన్ని, గీకుతూనే.

రిస్తెన్ కంతకి ఇంకాస్త దగ్గరగా వంగింది.

"అడుగు మరి. ఇది నా ఇల్లు కాదు కదా."

"నాకు అమ్మ కావాలి పిన్నీ," అంది రిస్తెన్. ఎన్నాళ్ళుగానో మనసులో పేర్చిపెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి, ఇదొక్కటే మిగిలింది. "ఫోటోలో అమ్మ వద్దు. కదిలే అమ్మ కావాలి. ఒక్కసారి. రేపు నీ గొంతుకి ఏమన్నా అయితే నేను ఇంకెక్కడికి పోను?"

గిన్నె గీకుడు ఆగింది. కంత మెల్లిగా మూసుకుపోయింది. రిస్తెన్ బండి ఇంకా నెమ్మది చేసింది.

"పాపమని ఊరుకున్నానని అందరూ అనుకుంటారు," అంది పిన్ని. "నేనూ అలాగే చెప్పుకున్నాను, దేవుడితో కూడా. అది కాదే. అక్క పోయిన కొత్తలో ఒకసారి యోయిక్ ఎత్తుకున్నాను, పాకలో, ఒంటరిగా. వచ్చింది. నిజంగా వచ్చింది రిస్తెన్. నా ఎదురుగా నిలబడింది. ఆపగానే పోయింది. ఒకసారి మట్టి చేసినదాన్ని మళ్ళీ మళ్ళీ పంపించడం నావల్ల కాలేదు. అందుకని నోరు కట్టేసుకున్నాను. నీకు అన్యాయం చేశాను, తెలుసు నాకు. నా ఒక్కదాని బాధే చూసుకున్నాను."

రిస్తెన్ ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.  

"ఫోను తియ్యి, పట్టుకుందువు గాని అందులో," అంది పిన్ని చివరికి.

రిస్తెన్ గబగబా ఫోను తీసింది. తెర ఒక్కసారి వెలిగి, నల్లగా ఆరిపోయింది. మీట నొక్కి పట్టుకుంది, ఊదింది, చంకలో పెట్టుకుంది. ఊహూ. చలికి చచ్చిపోయింది. "ఛీ, పాడు ఫోను!" అని ఏడ్చినంత పని చేసింది.

"ఏడవకు, రోడ్డు చూడు. వీటన్నిటికీ చలి పడదు. నీకు పడుతుందిగా? నిన్ను ఈ చలిలోనే కన్నది మీ అమ్మ. నువ్వే పట్టుకో."

"నేనా? నాకు రాదు పిన్నీ. నేనెప్పుడూ ఎత్తుకోలేదు."

"నేను రానిచ్చానా, రావడానికి!" అంది పిన్ని. గొంతు సవరించుకుంది. కళ్ళు మూసుకుంది.

మొదట గొంతు రాలేదు, గాలి వచ్చింది. తర్వాత ఎక్కడో లోపల్నించి ఒక లో, లో అని పలచటి సవ్వడి లేచింది. గరగరలాడింది, గడ్డ అడ్డం పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. కానీ నడక మాత్రం తడబడలేదు. పెద్ద పెద్ద అంగలు, వడివడిగా, దూకుడుగా. ఆ అంగల మధ్యలో ఉన్నట్టుండి ఒక ఆగుడు. ఊపిరి పట్టినంతసేపు. మళ్ళీ అంగలు. దానికి మొదలూ లేదు, చివరా లేదు, తిరిగి తిరిగి వస్తోంది. ఇంజను అనేదేదన్నా ఉండి ఉంటే ఆ బలహీనమైన గొంతు వినపడేదే కాదు. ఇక్కడ ప్రతి గరగరా వినిపించింది. వెనక సీట్లోంచి ఎవరో ముందుకి వంగినట్టయి రిస్తెన్ మెడ మీద వెంట్రుకలు లేచాయి. వెనక్కి చూడలేదు. చూడాలనిపించలేదు, ఉందని తెలుసు కాబట్టి.

పిన్ని ఆపింది. ఇద్దరి బుగ్గల మీదా కన్నీళ్ళు గడ్డకట్టాయి. "ఊ, ఎత్తుకో," అంది.

రిస్తెన్ సిగ్గుపడుతూ ఎత్తుకుంది. పిల్లల చేత పద్యాలు చెప్పించే గొంతుతో, శుద్ధంగా, వరసగా. పిన్ని మొహం చిట్లించింది. "ఇంగా గురించి పాఠం చెప్తున్నావా? పాఠం వద్దు. నడువు. అది ఇలా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేది కాదు. పక్కింటి కుక్కలు అరిచేవి అది వస్తుంటే."

మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ తిట్లు. "అంత ఏడుపెందుకు? అది చచ్చిపోయినదాని యోయిక్ కాదు. బతికున్నదాని యోయిక్. నవ్వుమొహం అది." మళ్ళీ. ఊపిరి పొగలా లేచి అద్దానికి పట్టేది, పిన్ని ఓ చేత్తో గీకుతూ రెండో చేత్తో మోకాలి మీద తాళం వేసేది. తాబేలు వెలుగుతూనే ఉంది. రిస్తెన్ దాన్ని చూడటం మానేసింది.

"నువ్వు మధ్యలో ఆగడం లేదు," అంది పిన్ని. "అక్కడ ఆగాలి. గబుక్కున దాటేస్తున్నావు."

"ఎందుకాగుతుంది అక్కడ?"

"వెనక్కి తిరిగి చూస్తుంది."

"ఏం చూస్తుంది?"

"నన్ను," అంది మగ్గా పిన్ని. "నేను పొట్టిదాన్ని. మంచులో కూరుకుపోయేదాన్ని. అది అంగలేసుకుంటూ పోయి, పోయి, ఆగి చూసేది, వస్తున్నానా లేదా అని. చూడకుండా మాత్రం ఎప్పుడూ పోలేదు." ఆమె గొంతు అక్కడ పూర్తిగా బొంగురుపోయింది.  తల సీటుకి ఆనించి కోటు మెడదాకా లాక్కుంది.

విడిది దీపం కనపడేసరికి తెర మీద అంకె కూడా పోయి గీతలు మిగిలాయి. బండి నడిచిందనడం కన్నా దేకిందనడం నిజం. చార్జింగు స్తంభం సగానికి మంచులో పూడి ఉంది. రిస్తెన్ దిగి చేతులతో, బూట్లతో మంచు తవ్వి, మూతకి నోరానించి ఊది ఊది, పెదవి అంటుకుపోతే లాక్కుని, ఎలాగైతేనేం తీగ తగిలించింది. బండి ముందు చిన్న పచ్చ దీపం వెలిగింది.  విమానానికి టైముంది. చేరతారు.

లోపలికొచ్చి కూచుని వేడి మీట తిప్పింది. వెచ్చటి గాలి మెల్లిగా మొదలైంది. అద్దం మీది మంచు కరిగి చారలు చారలుగా జారుతోంది, దాని వెనక నీలం ఆకాశం కూడా కరుగుతున్నట్టే ఉంది. మగ్గా పిన్ని కళ్ళు మూతలు పడ్డాయి. నోరు కాస్త తెరుచుకుని ఉంది. నిద్రపోయినప్పుడు చిన్నపిల్ల మొహం అయిపోయింది ఆమెది.

రిస్తెన్ ఎవరికీ వినపడకూడదన్నట్టు, లోపల్లోపలే ఎత్తుకుంది. ఈసారి సరిచెయ్యడానికి ఎవరూ లేరు. సిగ్గు లేదు, తొందర లేదు. అంగలు వాటంతటవే పడ్డాయి. లో, లో, లో. కుక్కలు అరిచాయేమో కూడా. మంచు కరకరలాడుతోంది ఎక్కడో. ఎవరో పొడుగాటి మనిషి ముందు పోతోంది, నవ్వుతూ, పోతూ, పోతూ, అక్కడికి వచ్చింది. రిస్తెన్ ఆగింది. ఊపిరి పట్టింది. అమ్మ తిరిగి చూస్తోంది.

మళ్ళీ అందుకోవడానికి భయమేసింది రిస్తెన్‌కి. అందుకుంటే వెళ్ళిపోతుంది. అలాగే ఆగి ఉంది, ఊపిరి ఉన్నంతవరకూ.

పక్కసీట్లోంచి, కళ్ళు తెరవకుండానే, ఎన్నడూ వినని ఒక సన్నటి పసిగొంతుతో మగ్గా పిన్ని అంది, "ఉండవే అక్కా, వస్తున్నా."

ఆ మాట విన్నాకే రిస్తెన్ మళ్ళీ అందుకుంది.